ఒమాహా 2025: కాలేజీ వరల్డ్ సిరీస్‌కి వెళ్ళేవాళ్ళు, చూసేవాళ్ళు అందరూ ఇక్కడే

ఒమాహా_ఓబుల్ | జూన్ 12, సాయంత్రం 6:15

రేపట్నుంచి మా ఊళ్ళో కాలేజీ బేస్‌బాల్ పండగ. డౌన్‌టౌన్‌లో ఎక్కడ చూసినా లూసియానా, ఆర్కన్సా నంబర్ ప్లేట్లే. ఆఫీసు పార్కింగ్ కూడా గేమ్ పార్కింగ్ అయిపోయింది, రేపు ఇంటినుంచే పని అని మేనేజర్‌కి చెప్పేశా.

ఈసారి ఎనిమిది టీములు. ఒక బ్రాకెట్‌లో (గ్రూపులో) కోస్టల్ కరోలినా, అరిజోనా, ఒరెగాన్ స్టేట్, లూయీవిల్. రెండో దాంట్లో ఆర్కన్సా, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ), యూసీఎల్‌ఏ, మర్రే స్టేట్. మొదటి సీడ్ (ర్యాంకు) వాండర్‌బిల్ట్, రెండో సీడ్ టెక్సాస్ ఇక్కడిదాకా రానే లేదు, మొదటి దశ రీజినల్‌లోనే ఇంటికెళ్ళిపోయాయి.

వచ్చేవాళ్ళకి నాలుగు మాటలు. చార్లెస్ స్క్వాబ్ ఫీల్డ్‌లో సుమారు 24 వేల సీట్లు. రిజర్వ్‌డ్ సీట్లు రీసేల్‌లో మండిపోతున్నాయి. ఔట్‌ఫీల్డ్‌లో జనరల్ అడ్మిషన్ అయితే ముందొచ్చినవాళ్ళది సీటు, కాబట్టి పెందలాడే లైన్లో నిలబడాలి. మధ్యాహ్నం గేములకి ఎండ మామూలుగా ఉండదు. నెబ్రాస్కా జూన్ కదా, సాయంత్రానికి ఉరుములతో వాన కూడా పడొచ్చు. టోపీ, రెయిన్‌కోట్ రెండూ ఉంచుకోండి. ఎవరెవరు వస్తున్నారో చెప్పండి.

కరీంనగర్_క్రాంతి | జూన్ 12, సాయంత్రం 6:50

అన్నా, నేను ఈ దేశమొచ్చి చాలా రోజులైంది గానీ ఈ ఆట మీద ఎప్పుడూ కూర్చోలేదు. ఒక్కటి చెప్పు. ఓడిన టీము మళ్ళీ ఆడుతుందంట, నిజమేనా? మరి ఇంటికి పోయేదెప్పుడు?

ఒమాహా_ఓబుల్ | జూన్ 12, రాత్రి 7:20

రెండుసార్లు ఓడితేనే ఇంటికి తమ్ముడూ.

మొదట దేశం మొత్తం మీద 64 టీముల్ని తీసుకుంటారు. నాలుగేసి టీములు చొప్పున 16 చోట్ల రీజినల్స్. గెలిచిన 16 టీములు జంటలుగా సూపర్ రీజినల్ ఆడతాయి, అక్కడ మూడింట రెండు గెలవాలి. మిగిలిన ఎనిమిదీ ఒమాహాకి వస్తాయి. ఇక్కడ మళ్ళీ నాలుగేసి టీముల రెండు బ్రాకెట్లు, ఒక్కో టీముకి ఒక ఓటమి మాఫీ. బ్రాకెట్‌కి ఒకరు మిగిలాక వాళ్ళిద్దరి మధ్య ఫైనల్, అది కూడా మూడింట రెండు. ఫైనల్‌ని ఇలా సిరీస్‌గా ఆడటం 2003 నుంచి. అంతకుముందు ఒక్క గేముతోనే తేలిపోయేది.

వినడానికి ఓడినవాడికి జాలిపడి పెట్టిన రూల్ లాగా ఉంటుంది. కానీ అసలు శిక్ష అక్కడే మొదలవుతుంది. మొదటి గేము ఓడితే ఫైనల్‌కి రావడానికి వరసగా నాలుగు గెలవాలి. మొదటి రెండూ గెలిచినవాడికి ఇంకొక్కటి చాలు, మధ్యలో విశ్రాంతి కూడా దొరుకుతుంది. ఇక్కడ తరిగిపోయేది పిచర్ల (బంతి వేసేవాళ్ళ) భుజాలు. కాబట్టి స్కోరు కంటే ముందు ఎవరు ఎన్ని బంతులు వేశారో చూడటం నేర్చుకో, ఆట మొత్తం వేరేగా కనబడుతుంది.

బాటన్‌రూజ్_బుజ్జి | జూన్ 12, రాత్రి 8:05

ఎల్‌ఎస్‌యూలో ఎంఎస్ చేసినవాణ్ణి. ఏడు టైటిళ్ళు ఉన్నాయి మాకు, ఎనిమిదోది ఈసారి. వాదించేవాళ్ళు ఇప్పుడే రండి.

బెంటన్‌విల్_రాంబాబు | జూన్ 12, రాత్రి 8:11

వచ్చా. శనివారం రాత్రి మీతోనే గేము. బెంటన్‌విల్‌లో సగం అపార్టుమెంట్లు మన తెలుగువాళ్ళవే, వాల్‌మార్ట్ పుణ్యమా అని అందరం ఆర్కన్సా ఫ్యాన్లం అయిపోయాం. మా పాప మా టీము ఫ్యాన్ల "ఊ పిగ్" అరుపు నేర్చుకున్నాకే తెలుగు పద్యాలు నేర్చుకుంది.

బాటన్‌రూజ్_బుజ్జి | జూన్ 12, రాత్రి 8:14

టైటిళ్ళు ఎన్ని రాంబాబు గారూ?

బెంటన్‌విల్_రాంబాబు | జూన్ 12, రాత్రి 8:30

సున్నా. తెలిసే అడిగావు. 1979లో ఫైనల్లో ఓడాం. 2018 గురించి మాట్లాడితే ఈ థ్రెడ్ వదిలిపోతా.

కరీంనగర్_క్రాంతి | జూన్ 12, రాత్రి 8:33

2018లో ఏమైంది?

భీమవరం_పుంజు | జూన్ 12, రాత్రి 8:41

రాంబాబు గారు చెప్పరు, నేను చెప్తా. ఫైనల్ మొదటి గేము ఆర్కన్సాదే. రెండో గేములో తొమ్మిదో ఇన్నింగ్స్, ఒక్క రన్ ఆధిక్యం, ఇంకొక్క ఔట్ తీస్తే చరిత్రలో మొదటి టైటిల్. ఒరెగాన్ స్టేట్ బ్యాటర్ ఫౌల్ లైను అవతలికి గాల్లోకి కొట్టాడు. ముగ్గురు ఫీల్డర్లు పరిగెత్తుకొచ్చారు, ముగ్గురి మధ్యలో బంతి నేల మీద పడింది. బతికిపోయిన ఆ బ్యాటరే సింగిల్ కొట్టి స్కోరు సమం చేశాడు. తర్వాత వచ్చిన లార్నాక్ రెండు రన్ల హోమ్ రన్ (బంతి కంచె దాటే దెబ్బ) కొట్టాడు. మర్నాడు కెవిన్ ఏబెల్ అనే ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది కుర్రాడు) ఒక్క రన్ కూడా ఇవ్వకుండా గేమంతా తనే వేశాడు. కప్పు ఒరెగాన్ స్టేట్‌కి పోయింది.

ఇక నా సంగతి. షార్లెట్‌లో ఉంటాను, నా టీము కోస్టల్ కరోలినా. కారణం ఏమీ పెద్దది కాదు. వాళ్ళ గుర్తు కోడిపుంజు. భీమవరం వాణ్ణి అయ్యుండి పుంజు మీద కాకుండా పులి మీద పందెం కాస్తానా?

మోడరేటర్ | జూన్ 12, రాత్రి 8:50

పందెం మాటలు ఇక్కడ సరదాకే. బెట్టింగ్ యాప్ లింకులు పెడితే పోస్టు తీసేస్తాం.

శేషు_మాస్టారు | జూన్ 13, ఉదయం 7:30

విజయవాడ నుంచి నమస్కారం. రిటైరైన పీఈటీని. మన యూనివర్సిటీల్లో కూడా ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ బేస్‌బాల్ ఉంది, మగపిల్లలకి, ఆడపిల్లలకి కూడా. కానీ గ్రౌండు చుట్టూ చూసేవాళ్ళు ఆడేవాళ్ళ కంటే తక్కువ. ఒక కాలేజీ ఆటకి 24 వేల మంది టికెట్టు కొనుక్కుని వస్తారంటే నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఒక సందేహం. టీవీలో పెద్ద లీగు (మేజర్ లీగ్) వాళ్ళు కర్ర బ్యాటుతో ఆడతారు. ఈ పిల్లలది తగిలినప్పుడు టింగుమని మోగుతుంది. ఎందుకలా?

లెఫ్టీ_నాన్న | జూన్ 13, ఉదయం 9:10

మాస్టారూ, నమస్తే. కాలేజీల్లో అల్యూమినియం బ్యాటుకి 1974లో అనుమతి ఇచ్చారు. కర్ర బ్యాట్లు ఊరికే విరిగిపోతాయి, కాలేజీలకి ఖర్చు. తర్వాత కంపెనీలు ఆ లోహంతో ఎన్ని విద్యలు చేశాయంటే, 1998 ఫైనల్‌లో యూఎస్‌సీ 21, అరిజోనా స్టేట్ 14. బేస్‌బాల్ స్కోరేనా ఇది? పైగా 60 అడుగుల దూరంలో నిలబడ్డ పిచర్ ముఖం మీదికి బంతి దూసుకొచ్చే ప్రమాదం.

2011 నుంచి బ్యాటు ఎగరగొట్టే శక్తి మీద గట్టి పరిమితి పెట్టారు. అదే ఏడాది ఒమాహాలో కొత్త స్టేడియం తెరిచారు. మధ్యలో 408 అడుగులు, పైగా గాలి ఎదురుగా లోపలికి వీస్తుంది. ఈ రెండూ కలిసి హోమ్ రన్లని చంపేశాయి. 2013లో టోర్నమెంటు మొత్తానికి మూడు, 2014లో మళ్ళీ మూడే. ఆ మూడింట్లో ఒకటి మాత్రం వాండర్‌బిల్ట్‌కి మొదటి టైటిల్ తెచ్చింది, జాన్ నార్‌వుడ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కొట్టింది. 2015లో బంతి కుట్లు కాస్త అణిచి చేయించారు, గాల్లో ఇంకొంచెం దూరం పోవడానికి. ఇప్పుడు మళ్ళీ బానే కొడుతున్నారు. 2023 ఫైనల్ సిరీస్‌లో ఒక రోజు ఫ్లోరిడా 24-4తో ఎల్‌ఎస్‌యూని చితక్కొట్టింది. మర్నాడు ఎల్‌ఎస్‌యూ 18-4తో తిరిగి కొట్టి కప్పు పట్టుకుపోయింది.

బాటన్‌రూజ్_బుజ్జి | జూన్ 13, ఉదయం 9:25

ఆ 24-4 రోజు నేను స్టేడియంలోనే ఉన్నా. గుర్తు చేసినందుకు థాంక్స్ అన్నా, మొదటి సగానికి కాదు.

ఒమాహా_ఓబుల్ | జూన్ 14, రాత్రి 11:20

రెండు రోజుల లెక్క. కోస్టల్ 7-4 అరిజోనా మీద. ఒరెగాన్ స్టేట్ 4-3 లూయీవిల్ మీద, ఆఖరి బ్యాటింగ్‌లో. యూసీఎల్‌ఏ 6-4 మర్రే స్టేట్ మీద. ఇవాళ రాత్రి ఎల్‌ఎస్‌యూ 4-1 ఆర్కన్సా మీద, ఎల్‌ఎస్‌యూ పిచర్ కేడ్ ఆండర్సన్ బంతులు వాళ్ళ బ్యాట్లకి సరిగ్గా అందలేదు.

రాంబాబు గారూ, ఇంకో ఛాన్స్ ఉంది.

బెంటన్‌విల్_రాంబాబు | జూన్ 14, రాత్రి 11:31

తెలుసు. వరసగా నాలుగు. నువ్వే లెక్క చెప్పావుగా.

ఫ్రిస్కో_పద్మ | జూన్ 15, మధ్యాహ్నం 1:40

అందరికీ నమస్తే. ఫాదర్స్ డే అని మా ఆయనా, మా అబ్బాయీ సోఫా దిగడంలేదు, నేను ఇక్కడికొచ్చా. బాబుకి 14. పిచింగ్ చేస్తాడు. ఊరూరా తిరిగి ఆడే ట్రావెల్ టీము ఫీజులు, హోటళ్ళు, ప్రైవేట్ కోచింగ్ కలిపితే మా ఊళ్ళో ఇంజినీరింగ్ సీటు ఖర్చు అయిపోతోంది. "కాలేజీ స్కాలర్‌షిప్ వస్తే అంతా వెనక్కి వచ్చేస్తుంది" అని టీము కోచ్ అంటాడు. నిజంగా వస్తుందా? ఇక్కడ తెలిసినవాళ్ళు ఉన్నారని అడుగుతున్నా.

లెఫ్టీ_నాన్న | జూన్ 15, మధ్యాహ్నం 3:05

పద్మ గారూ, మా వాడు ఇల్లినాయ్‌లో డివిజన్ త్రీ (కాలేజీ ఆటల్లో మూడో స్థాయి) కాలేజీలో ఎడమచేతి పిచర్. మేమూ ఈ దారిలోనే నడిచాం, కాబట్టి పూసగుచ్చినట్టు చెప్తా.

మీ కోచ్ మాట నమ్మి లెక్క వేసుకోకండి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో లాగా బేస్‌బాల్‌లో అందరికీ పూర్తి స్కాలర్‌షిప్ ఎప్పుడూ లేదు. అన్నిటికంటే పై స్థాయి డివిజన్ వన్‌లో ఒక టీముకి 11.7 స్కాలర్‌షిప్పులే అనుమతి. దాన్ని చాలామందికి ముక్కలు చేసి పంచేవాళ్ళు. అంటే ఒమాహాలో టీవీలో కనబడే పిల్లల్లో కూడా చాలామంది అమ్మానాన్నలు ఫీజు కడుతున్నవాళ్ళే. ఇక డివిజన్ త్రీలో ఆటకి స్కాలర్‌షిప్పే ఉండదు. మా వాడికి వచ్చిందంతా మార్కుల మీద వచ్చింది.

ఇప్పుడు రూలు మారుతోంది. ఈ నెల 6న కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్ ప్రకారం, అందులో చేరిన కాలేజీలకి జులై 1 నుంచి స్కాలర్‌షిప్పుల పరిమితి పోతుంది. బదులుగా టీములో 34 మందికి మించి ఉంచుకోకూడదు. ఇన్నాళ్ళూ 40 మంది ఉండేవాళ్ళు. డబ్బున్న కాలేజీ 34 మందికీ పూర్తిగా ఇవ్వొచ్చు, లేని కాలేజీ ఇవ్వలేదు. పైగా అందులో చేరిన ప్రతి టీములోనూ ఆ చివరి ఆరు సీట్లు, ఇంకా ఎదుగుతున్న పిల్లలకి దొరికే సీట్లు, మాయం.

దానికి తోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్. కోచ్ తలుచుకుంటే 22 ఏళ్ళ అనుభవస్తుణ్ణి ఇంకో కాలేజీ నుంచి తెచ్చుకోగలడు. మరి 18 ఏళ్ళ మీ బాబు కోసం మూడేళ్ళు ఎందుకు ఆగుతాడు?

ఆడనివ్వొద్దు అని కాదు నా ఉద్దేశం. వాడికి ఇష్టమైతే ఆడనివ్వండి. పెట్టిన డబ్బు మాత్రం సినిమాకి కొన్న టికెట్టు డబ్బే, డిపాజిట్ కాదు.

ఫ్రిస్కో_పద్మ | జూన్ 15, మధ్యాహ్నం 3:20

మా ఆయనకి చదివి వినిపించా. మొహం చూడాలి మీరు. ఫాదర్స్ డే గిఫ్ట్ అనుకోమన్నా.

కరీంనగర్_క్రాంతి | జూన్ 15, సాయంత్రం 4:45

మనవాళ్ళు ఎవరూ లేరా ఈ ఆటలో? ఇండియన్లు?

భీమవరం_పుంజు | జూన్ 15, సాయంత్రం 5:10

కుమార్ రాకర్. 2019లో వాండర్‌బిల్ట్ ఫ్రెష్‌మన్ పిచర్. అమ్మ పేరు లలిత, ఆవిడ తల్లిదండ్రులు ఇండియా నుంచి అమెరికా వచ్చినవాళ్ళు. నాన్న ట్రేసీ రాకర్ ఆబర్న్‌లో పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగాడు. ఆ ఏడాది సూపర్ రీజినల్‌లో ఓడితే ఇంటికే అన్న గేములో డ్యూక్ మీద నో-హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని గేము), 19 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో ఔట్లు). తర్వాత ఒమాహాలో ఫైనల్ మొదటి గేము వాండర్‌బిల్ట్ ఓడింది. రెండో గేములో మిషిగన్‌ని ఇతనే ఆపాడు, మూడోది కూడా వాళ్ళే గెలిచారు. టోర్నమెంటు ఉత్తమ ఆటగాడు కూడా అతనే.

ఫ్రిస్కో_పద్మ | జూన్ 15, సాయంత్రం 5:25

అతన్ని మేం చూశాం! కిందటేడు మా ఊరి చిన్న లీగు టీము ఫ్రిస్కో రఫ్‌రైడర్స్‌కి ఆడాడు. మా అబ్బాయి గోడ మీద పోస్టర్ కూడా ఉంది.

లెఫ్టీ_నాన్న | జూన్ 15, సాయంత్రం 5:50

ఆ పోస్టర్ వెనక కథ కూడా బాబుకి చెప్పండి. 2021 డ్రాఫ్ట్‌లో (పెద్ద లీగు టీములు వరసగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునేది) మెట్స్ పదో నంబర్‌గా తీసుకున్నారు. వైద్య పరీక్షలు చూసి వెనకాడి, ఒప్పందం చేసుకోలేదు. మరుసటేడు రేంజర్స్ మూడో నంబర్‌గా తీసుకున్నారు. 2023లో మోచేతికి ఆపరేషన్. 2024 సెప్టెంబరులో గానీ పెద్ద లీగులో అడుగు పెట్టలేదు. కాలేజీలో అంత వేసిన చెయ్యి ఎంత మూల్యం చెల్లించిందో ఎవరు చెప్పగలరు?

మీ బాబు వయసుకి రోజుకి 95 బంతులకి మించొద్దని అమెరికాలో మార్గదర్శకాలు ఉన్నాయి. 66కి చేరితే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. ట్రావెల్ టోర్నమెంటుల్లో శనివారం ఒక టీముకీ, ఆదివారం ఇంకో టీముకీ వేయించే నాన్నల్ని చూశా. ఆ లెక్క మీ దగ్గర కాగితం మీద ఉండాలి, కోచ్ దగ్గర ఉంటుందని వదిలేయొద్దు.

బెంటన్‌విల్_రాంబాబు | జూన్ 16, సాయంత్రం 5:02

ఎవరైనా చూశారా?! గేజ్ వుడ్!!

ఒమాహా_ఓబుల్ | జూన్ 16, సాయంత్రం 5:15

చూశా. లంచ్ అని ఆఫీసులో చెప్పి వచ్చినవాణ్ణి, మళ్ళీ వెళ్ళలేదు.

చూడనివాళ్ళ కోసం. ఆర్కన్సా 3, మర్రే స్టేట్ 0. ఆర్కన్సా పిచర్ గేజ్ వుడ్ ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒక బ్యాటర్‌కి బంతి తగిలింది, అంతే, అదొక్కటే మచ్చ. లేకపోతే ఒక్క బ్యాటరూ బేస్ చేరని పర్ఫెక్ట్ గేమ్. 119 బంతులు, 19 స్ట్రైకౌట్లు. తొమ్మిది ఇన్నింగ్స్ గేములో ఒమాహా రికార్డు అది. ఇక్కడ ఇంతకుముందు నో-హిట్టర్ 1960లో పడింది, దానికి ముందు 1950లో. ఇది మూడోది.

చివరి ఇన్నింగ్స్‌లో వేరే టీముల జెర్సీలు వేసుకున్నవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. నా పక్కనున్న ఎల్‌ఎస్‌యూ తాతగారు మాత్రం "ఇతను బుధవారం మాకు వెయ్యలేడు" అని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. అదీ ఒమాహా.

శేషు_మాస్టారు | జూన్ 16, రాత్రి 9:10

మర్రే స్టేట్ పిల్లల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నేను వెతికి చదివాను. కెంటకీలో చిన్న ఊరి కాలేజీ. రీజినల్‌లో నాలుగో సీడ్, అంటే నలుగురిలో ఆఖరు. అయినా ఓల్ మిస్ సొంత మైదానంలో రీజినల్ గెలిచి, డ్యూక్ మైదానంలో సూపర్ రీజినల్ గెలిచి మొదటిసారి ఒమాహాకి వచ్చారు. ఓడిపోయి వెళ్తున్నా ఆ బస్సులో ఏ పిల్లాడూ తల దించుకోనక్కర్లేదు.

భీమవరం_పుంజు | జూన్ 16, రాత్రి 9:45

మాస్టారూ, నేను ఇక్కడికి వచ్చేదే ఇలాంటి టీముల కోసం. 2008లో ఫ్రెస్నో స్టేట్ కూడా రీజినల్‌లో నాలుగో సీడే. ఆ సీజన్‌లో 31 గేములు ఓడిన టీము అది, కప్పు ఎత్తుకుపోయింది. 2016లో మా కోస్టల్ మొదటిసారి వచ్చి, మొదటిసారే గెలిచింది.

కానీ ఇకమీదట ఇది జరుగుతుందా అని నా అనుమానం. 2019 నుంచి కప్పు గెలిచిన ప్రతి టీమూ ఎస్ఈసీ (దక్షిణాది పెద్ద కాలేజీల) లీగుదే. ఈ ఏడాది 64లో 13 టీములు ఆ ఒక్క లీగువే. చిన్న కాలేజీ ఒక పిచర్‌ని తయారు చేస్తుంది, మూడో ఏడాదికి పెద్ద కాలేజీ వచ్చి డబ్బు చూపించి పట్టుకుపోతుంది. పాల్ స్కీన్స్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ వాడు. టామీ వైట్ ఎన్‌సీ స్టేట్ వాడు. ఇద్దరూ ఎల్‌ఎస్‌యూకి కప్పు తెచ్చిపెట్టారు. బుజ్జీ, దీనికి ఏమంటావు?

బాటన్‌రూజ్_బుజ్జి | జూన్ 16, రాత్రి 10:20

స్కీన్స్ ఎయిర్‌ఫోర్స్‌లోనే ఉండుంటే చదువు అవగానే సైన్యంలో చెయ్యాల్సిన సర్వీసు ఉండేది. ఎల్‌ఎస్‌యూకి వచ్చాడు, డ్రాఫ్ట్‌లో మొదటి నంబర్ అయ్యాడు, 2024లో నేషనల్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడు కూడా అయ్యాడు. వాడికి నష్టమేంటి?

మనమంతా మంచి జీతం వస్తే కంపెనీ మారినవాళ్ళమే కదా అన్నా. ఇరవై ఏళ్ళ కుర్రాడు మారితే విలువలు గుర్తొస్తాయా? ఇక డబ్బే అంతా అయితే 13 ఎస్ఈసీ టీముల్లో ఇక్కడికి వచ్చినవి రెండే ఎందుకు? లీగే కూలిపోయి సొంతంగా ఏడాదంతా తిరిగి ఆడిన ఒరెగాన్ స్టేట్ ఎలా వచ్చింది?

భీమవరం_పుంజు | జూన్ 16, రాత్రి 10:31

రావడం వేరు, గెలవడం వేరు. ఫైనల్ అయ్యాక మాట్లాడుకుందాం.

ఒమాహా_ఓబుల్ | జూన్ 18, ఉదయం 8:15

మొన్న రాత్రి వానకి ఆగిపోయిన ఎల్‌ఎస్‌యూ గేము నిన్న పొద్దున పూర్తయింది. 9-5తో యూసీఎల్‌ఏ మీద గెలిచారు. ఆర్కన్సా 7-3తో యూసీఎల్‌ఏని ఇంటికి పంపింది. అటువైపు లూయీవిల్ ఒరెగాన్ స్టేట్‌ని పంపేసింది, అరిజోనా ముందే వెళ్ళిపోయింది. ఇవాళ కోస్టల్ లూయీవిల్‌తో, ఎల్‌ఎస్‌యూ ఆర్కన్సాతో. కోస్టల్, ఎల్‌ఎస్‌యూ ఇంకా ఓడలేదు కాబట్టి వాళ్ళకి ఒక్క గెలుపు చాలు.

బెంటన్‌విల్_రాంబాబు | జూన్ 18, రాత్రి 9:48

మేం 5-3తో ముందున్నాం. తొమ్మిదో ఇన్నింగ్స్. ఎల్‌ఎస్‌యూ బ్యాటింగ్ మిగిలింది. టెన్షన్‌తో టీవీ ముందు నిలబడే ఉన్నా. ఎవరూ ఏమీ రాయకండి.

బెంటన్‌విల్_రాంబాబు | జూన్ 18, రాత్రి 10:20

లెఫ్ట్ ఫీల్డర్ కాలు జారింది. బంతి తల మీదుగా పోయింది. రెండు రన్లు, సమం. తర్వాతిది సెకండ్ బేస్‌మన్ గ్లవ్‌కి తగిలి బయటికి పోయింది. 6-5.

కోపం ఆ పిల్లల మీద లేదు. మా టీముకి బంతితో ఏదో పాత పగ ఉంది.

బాటన్‌రూజ్_బుజ్జి | జూన్ 18, రాత్రి 10:26

రాంబాబు గారూ, ఒట్టు, గెలిచామని ఎగిరాక మీరే గుర్తొచ్చారు. ఇది మేం గెలవాల్సిన గేమేం కాదు.

భీమవరం_పుంజు | జూన్ 18, రాత్రి 10:40

కోస్టల్ 11, లూయీవిల్ 3. వరసగా 26వ గెలుపు. పుంజు ఫైనల్‌కి వచ్చింది. శనివారం చూసుకుందాం.

శేషు_మాస్టారు | జూన్ 22, ఉదయం 8:20

ఫైనల్ మొదటి గేము మాకు తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలైంది. కాఫీ పెట్టుకుని స్కోరు చూస్తూ కూర్చున్నా. ఎల్‌ఎస్‌యూ 1-0! మొదటి ఇన్నింగ్స్‌లో వచ్చిన ఆ ఒక్క రన్నే చివరిదాకా నిలబడింది. ఆండర్సన్ గేమంతా ఒక్కడే వేశాడు. ఇలాంటిది చదువుతున్నా గుండె కొట్టుకుంది.

ఫ్రిస్కో_పద్మ | జూన్ 22, ఉదయం 9:00

లెఫ్టీ గారూ, నిన్న అతను 130 బంతులు వేశాడు. మా వాడికి 95 అన్నారు. ఇది చూసి మా వాడు "అమ్మా, అతను వేశాడుగా" అంటున్నాడు. ఏం చెప్పమంటారు?

లెఫ్టీ_నాన్న | జూన్ 22, ఉదయం 9:35

ముందు వయసు చెప్పండి. అతని ఎముకలు ఎదిగిపోయాయి, మీ వాడివి ఇంకా ఎదుగుతున్నాయి. రెండోది, విశ్రాంతి చెప్పండి. ఆండర్సన్ అంతకుముందు వేసింది 14న, మళ్ళీ వేసింది 21న. మధ్యలో పూర్తిగా వారం. ఓబుల్ మొదటి రోజు చెప్పిన లెక్క ఇదే. ఓడకుండా వచ్చారు కాబట్టి ఆ వారం దొరికింది. ఒక్కటి ఓడుంటే మధ్యలో ఒకసారి దించాల్సి వచ్చేది, నిన్నటి ఆండర్సన్ కనబడేవాడు కాదు.

అయినా 130 నాకు నచ్చలేదు. పెద్ద లీగులో ఇవాళ వంద దగ్గరికి రాగానే కోచ్ లేచి నిలబడతాడు. ఇంకో మూడు వారాల్లో డ్రాఫ్ట్ ఉన్న కుర్రాడు. బుల్‌పెన్‌లో మార్చడానికి వేరే పిచర్లు ఉన్నారు. ఆధిక్యం ఒక్క రన్నే, నిజమే, మారుస్తే ఓడొచ్చు. ఆ కోచ్ జీతం కప్పు మీద, ఆ కుర్రాడి జీవితం భుజం మీద. ఇద్దరి లెక్కలూ ఒక్కటి కావు.

బాటన్‌రూజ్_బుజ్జి | జూన్ 22, ఉదయం 9:50

తియ్యడానికి వస్తే అతనే ఒప్పుకునేవాడా అన్నా? ఆ మైదానంలో షటౌట్ (ఒక్క రన్ కూడా ఇవ్వని గేము) వెయ్యడం వాడు జీవితాంతం చెప్పుకుంటాడు.

లెఫ్టీ_నాన్న | జూన్ 22, ఉదయం 9:58

ఒప్పుకోడు. అందుకే ఆ నిర్ణయం ఇరవై ఏళ్ళవాడికి వదలకూడదు.

భీమవరం_పుంజు | జూన్ 22, మధ్యాహ్నం 2:10

ఇదేం అన్యాయం! రెండో గేము మొదటి ఇన్నింగ్స్‌లోనే మా కోచ్‌ని బయటికి పంపేశారు. అంపైర్ బంతి-స్ట్రైకు నిర్ణయాల మీద డగౌట్ (టీము కూర్చునే చోటు) నుంచి మాట అన్నందుకు వార్నింగ్ ఇచ్చారు. దేనికి ఇచ్చారని అడగటానికి బయటికొస్తే అవుట్! ఫస్ట్ బేస్ కోచ్ కూడా అవుట్! ఆ గొడవలో ఒక అంపైర్ వెనక్కి నడుస్తూ తనే తట్టుకుని పడ్డాడు. ఫైనల్లో, అదీ ఓడితే సీజనే అయిపోయే రోజున!

ఒమాహా_ఓబుల్ | జూన్ 22, మధ్యాహ్నం 2:25

స్టేడియంలో ఉన్నా. రూల్ ప్రకారం బంతి-స్ట్రైకుల మీద వాదిస్తే పంపేయొచ్చు. ఆ రూల్ వాడటానికి ఇదా సమయం అని ఎల్‌ఎస్‌యూ వాళ్ళు కూడా గొణుక్కుంటున్నారు. టికెట్టు కొన్నది అంపైర్‌ని చూడ్డానికి కాదు.

బాటన్‌రూజ్_బుజ్జి | జూన్ 22, సాయంత్రం 5:00

5-3!!! ఎనిమిది!!! ఆండర్సన్ ఉత్తమ ఆటగాడు!!!

శేషు_మాస్టారు | జూన్ 22, సాయంత్రం 5:12

బుజ్జీ, అభినందనలు. ఇక్కడ తెల్లవారుజాము అయింది, ఇప్పుడు పడుకోవడానికి వెళ్తున్నా.

భీమవరం_పుంజు | జూన్ 22, సాయంత్రం 5:30

అభినందనలు. ఎస్ఈసీ మళ్ళీ. అన్నానా లేదా. రాత్రి గోంగూర మటన్ వండుకుని మర్చిపోతా.

బెంటన్‌విల్_రాంబాబు | జూన్ 22, సాయంత్రం 6:05

ఒక మాట అడగనా బుజ్జీ, ఏమనుకోకు. వుడ్ నిన్న దిగుంటే వారానికి రెండురోజులు తక్కువ విశ్రాంతితో ఆండర్సన్‌కి ఎదురు నిలబడేవాడు. ఆ గేము చూడాలని ఉంది నాకు.

బాటన్‌రూజ్_బుజ్జి | జూన్ 22, సాయంత్రం 6:10

నాకూ ఉంది. కానీ టీవీ ఆపేసి.

ఫ్రిస్కో_పద్మ | జూన్ 23, ఉదయం 10:15

మా వాడు ఆగస్టు దాకా ఒక్క టీముకే ఆడతాడు. రెండో టీముకి ఫీజు కట్టలేదు, అక్కడి కోచ్ అలిగాడు. డ్రాఫ్ట్‌లో ఆండర్సన్ ఎక్కడికి వెళ్తాడు, వుడ్ ఎక్కడికి వెళ్తాడు, ఎవరైనా అంచనా చెప్పండి. ఇంట్లో వాదన నడుస్తోంది.

మోడరేటర్ | జూన్ 23, ఉదయం 11:00

డ్రాఫ్ట్ జులై 13న అట్లాంటాలో మొదలు. దానికి వేరే థ్రెడ్ తెరిచాం, అంచనాలన్నీ అక్కడ రాయండి. ఒమాహా ఫోటోలు ఉన్నవాళ్ళు మాత్రం ఇక్కడే పెట్టొచ్చు. పిల్లల మొహాలు కనబడితే వాళ్ళ అమ్మానాన్నల్ని అడిగి పెట్టండి.